నానబెట్టని రాత్రి

ముప్పై ఎనిమిదేళ్ళు
రాత్రి తొమ్మిదింటికి మా ఆయన శనగలు నానబోసేవాడు.
నీలం బకెట్టు, గింజల మీద జానెడు నీళ్ళు.
"తెల్లారేదాకా తాగుతాయివి, ఒంటెల్లాగా" అనేవాడు.
సైదా రేవులో పడవలు కట్టేసే వేళకి
మా వంటింట్లో గింజలు ఉబ్బే చప్పుడు.
అది వినపడదంటారు మీరు.
ఆ ఇంట్లో పడుకుంటే వినపడుతుంది.

మొన్న డాక్టరమ్మ హనాదీ
కాగితం మీద ఒక అంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టింది.
రొట్టె మానాలి. అన్నం మానాలి. శనగలు కూడా
"గుప్పెడు చాలు, ఫవ్వాజ్ గారూ."
గుప్పెడట!
బస్తాలతో బేరమాడిన మనిషికి.

చేపల బజారు వెనక సందులో
నేనొక కాలీఫ్లవర్ కొన్నాను, పసిబిడ్డ తలంత.
బల్లమీద పెడితే
పెళ్ళికొడుకులో వంక వెతికే మామలా చూశాడు దాన్ని.
"ఇదెందుకు?"
"ఫలాఫెల్‌కి."
ఇంకో మాట లేదు. బాల్కనీలోకి పోయి
ఆరేసిన దుప్పట్లకేసి తిరిగి కూర్చున్నాడు.

తురిమాను. వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఉల్లిపాయ సగం,
కొత్తిమీర, పార్స్లీ కాడలతో సహా,
వేయించిన జీలకర్ర, ధనియాలు, ఒక గుడ్డు.
ముద్ద చేసి నూనెలో వదిలాను.
వదిలానో లేదో
విడాకులిచ్చినట్టు ఎటు పలుకు అటు పోయింది.

బాల్కనీలోంచి కేక:
"నజ్‌లా! నూనె ఏడుస్తోంది. నీళ్ళున్నాయందులో."
వీపు ఇటు, మొహం సముద్రం వైపు;
చెవులు మాత్రం మూకుడు పక్కనే ఉన్నాయన్నమాట.

రెండువేళ్ళు పోయిన కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.
నా పాత తెల్ల ముసుగుగుడ్డ అడిగాడు.
మిగిలిన తురుముకి ఉప్పు పట్టించి, మూటకట్టి, పిండాడు,
మణికట్టు నరాలు తేలేదాకా.
గ్లాసెడు నీళ్ళు దిగాయి.
"చూశావా, ఎంత దాచుకుందో" అన్నాడు,
దొంగలెక్క పట్టుకున్న గుమాస్తాలా.
తర్వాత బాదంపొడి, చెంచాడు, చెంచాడు, ఇంకో అర.
కొలత చూడలేదు. బొటనవేలితో నొక్కి
ముద్ద తిరిగి లేస్తుందేమో చూశాడు.

అప్పుడు సొరుగు తెరిచాడు.
కొట్టు మూసిన రోజు పాతపేపర్లో చుట్టిన ఇత్తడి అచ్చు.
పేపరు మీద ఆనాటి వాతావరణం: వర్షసూచన.
తీగ నొక్కితే టిక్కుమంది, ఇంకా తుప్పుపట్టలేదు.
నువ్వులద్ది, ఒక్కోటీ జార్చాడు,
ఊయల్లో పడుకోబెడుతున్నట్టు కాదు,
ఎదురుగా పదిమంది ఆకలితో నిలబడ్డట్టు, చకచకా.

నిలిచాయి.
బయట చెక్కరంగు, లోపల పచ్చ.
పక్కింటి కుసయ్ గోడ దూకొచ్చి ఐదు మింగి
"రొట్టె లేదా తాతా?" అన్నాడు.
లేదురా.
పాలకూర ఆకులో చుట్టి, ముల్లంగి ఊరగాయ పెట్టి,
పైన నిమ్మపిండిన నువ్వుల పులుసు పోసిచ్చాను ఆయనకి.

నమిలాడు. చాలాసేపు నమిలాడు.
"శనగైతే పంటికింద కాస్త ఎదురు తిరుగుతుంది.
ఇది చెప్పినమాట వింటుంది."
బాగుందనా, బాలేదనా?
అడగలేదు నేను. ఏడు తిన్నాడు, అది లెక్కపెట్టాను.
వేలు గుచ్చి చూసుకున్న అంకె
హనాదీ సున్నాలో పట్టేంత చిన్నదే.

రాత్రి తొమ్మిదింటికి కుళాయి చప్పుడు.
వెళ్ళి చూస్తే, బకెట్టు కింద పెట్టి నిలబడ్డాడు.
"పువ్వు నానక్కర్లేదు కదా" అన్నాను.
"తెలుసు."
నిండేదాకా ఉండి, కట్టేసి,
గింజ ఒక్కటీ లేని నీళ్ళమీద పళ్ళెం మూతపెట్టి
పడుకున్నాడు.

పొద్దున ఆ నీళ్ళు పుదీనా కుండీకి పోశాను.
బకెట్టు తుడిచి, ఉన్నచోటే పెట్టాను.
ఇవాళ మళ్ళీ తొమ్మిదవుతుంది.