గురువారం, రెండు నుంచి ఆరు దాకా

సెల్వరాణి గడప బయట చెప్పులు విప్పిన చప్పుడుకి
అక్క కుడికన్ను తలుపువైపు తిరుగుతుంది.
ఎడమది ఎప్పుడూ ఫ్యాను వైపే.

"నువ్వు పో అణ్ణా" అంటుంది సెల్వరాణి అరవంలో,
కొంగు నడుముకి దోపుకుంటూ.
"ఆరయ్యేదాకా ఈ వీధిలో కనపడొద్దు."

వెంటనే పోను.
చెప్పాల్సినవి ఉంటాయి కదా.
నీళ్లు చెంచాతోనే, అదీ జావలా చిక్కబరిచి,
కుడి బుగ్గలోకి. మాత్ర పొడిచేసి.
మూడింటికి పక్కకి ఒత్తిగిలించాలి,
నడుం కింద ఎర్రమచ్చ రూపాయి బిళ్లంతుంది,
మొన్న అర్ధరూపాయంతే.
సెల్వరాణి కొత్తగా వింటున్నట్టు తలూపుతుంది.
ఇవన్నీ క్యాలెండరు వెనక రాసిపెట్టింది తనే.

ముప్పై రెండేళ్లు కోచ్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేశాను.
ఇనుముకి ఇనుము అతకడం తెలుసు.
మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం
ఈమె దగ్గరే నేర్చుకున్నాను.
"నడుంతో ఎత్తకు, మోకాళ్లతో ఎత్తు.
ఎత్తేముందు ఆమెకి చెప్పు. మూట కాదు."
ఆ మాటకి రెండు వారాలు ముఖం చాటేశాను.

అక్క పెరంబూరు ఎక్స్ఛేంజిలో ఆపరేటరు.
చెవికి హెడ్‌ఫోను, ఎదురుగా దీపాల బల్ల,
ఎవరెవరి చావుకబుర్లో, పెళ్లికబుర్లో
ఆమె వేళ్ల మీదుగా పోయేవి.
స్ట్రోకు వచ్చి తెలుగంతా తుడిచేసింది.
అమ్మ, ఆకలి, నా పేరు.
మిగిలింది ఒక్కటే, అదీ ఉద్యోగపు అరవం:
"లైన్ల ఇరుంగ."
నొప్పికీ అదే. ఉప్మా బాలేకపోయినా అదే.
పక్క తడిసినప్పుడు గోడవైపు చూస్తూ
మెల్లిగా, అదే.
లైన్లో ఉండండి.
రెండేళ్లుగా ఉన్నాను.

బయటికొస్తే ఎండ, నాలుగు గంటలు.
ఒకవారం సినిమాకెళ్లి ఇంటర్వెల్‌కి ముందే నిద్రపోయాను.
టార్చిలైటు కుర్రాడు లేపితే
"ఒత్తిగిలించాలా?" అన్నానట.
ఇంకోవారం చొక్కా కుట్టించుకుందామని పోతే
టైలర్ ఇనాయతుల్లా టేపు పరిచి, మళ్లీ పరిచి,
"ఎడమ భుజం ముప్పావు అంగుళం దిగింది సార్" అన్నాడు.
ఏం మోశారని అడగలేదు. నేనూ చెప్పలేదు.
"లోపల ప్యాడ్ పెట్టి సరిచేయనా?"
వద్దన్నాను. ఎందుకో.

ఈవేళ విల్లివాక్కం స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను.
వచ్చిన ప్రతి పెట్టెలోనూ నా అతుకు ఉందేమోనని చూశాను.
మూడైంది.
ఇప్పుడు ఒత్తిగిలిస్తూ ఉంటుంది. ముందు చెప్పి.
సెల్వరాణి అత్తకీ నడుం పడిపోయింది, వ్యాసర్‌పాడిలో.
ఈ నాలుగు గంటలూ ఆమెని ఎవరు తిప్పుతారని
ఓసారి అడిగాను.
"పక్కింటి పిల్ల. గంటకి ముప్పై రూపాయలు" అంది,
అక్క గోళ్లు కత్తిరిస్తూ, తలెత్తకుండా.

ఒక టీ తాగాను. ఇంకో టీ.
అక్క పోతే, అని ఒక ఆలోచన
దూరం నుంచి కూత వేసుకుంటూ వచ్చి
ఆగకుండా పోయింది. ఫాస్ట్ లోకల్.
దాన్ని ఆపడానికి చెయ్యెత్తలేదని
ఒట్టేసి చెప్పలేను.

ఐదుంబావుకే ఇంటికొచ్చేశాను.
తలుపు తోస్తే నవ్వు. అక్కది, సగం మూతితో.
రెండు జడలు, కొసలకి ఎర్ర రబ్బరు బ్యాండ్లు,
అరవై నాలుగేళ్ల మనిషికి.
కుర్చీ కిటికీ దగ్గరికి జరిగింది.
కింద ఇస్త్రీబండి వాడు ఎవరితోనో తగాదా పడుతున్నాడు,
అక్క ఒక్కమాట పోనివ్వకుండా వింటోంది.
ఇన్నాళ్లూ నాకు తోచలేదు, ఆ కిటికీ.

చురుక్కుమంది.
ఏమిటో తెలుసు. ఈ వయసులో పేరు పెట్టుకోవడానికే సిగ్గు.

సెల్వరాణి గడియారం చూసింది.
"ఇంకా ముప్పావుగంట ఉంది. పో."
"లైన్ల ఇరుంగ" అంది అక్క,
నాతోనో, ఆమెతోనో, ఇస్త్రీబండి వాడితోనో.

తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద కూర్చున్నాను.
లోపల చెంచా గ్లాసుకి తగులుతోంది.
ఆరు కాలేదు.