ఎడమ పక్క నవ్వు

చీమకుర్తిలో రాయి కోసే రంపాల హోరులో
ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాలి.
సువార్తమ్మ అరవలేదు.
చెంగు ముడి విప్పి
రేషన్ కార్డు నా బల్ల మీద పెట్టింది.

అందులో ఇర్మియా లేడు.
ఇర్మియా ఉండాల్సిన చోట
తేమకి ఉబ్బిన బూడిద రంగు మరక.
"ఇది తప్ప ఇంకోటి లేదు నాయనా.
రామతీర్థం క్వారీలో పదకొండేళ్లు రాయి పగలగొట్టాడు,
ఒక్కనాడూ ఫోటోకి నిలబడలా."

ఇరవై ఆరేళ్లుగా సమాధి రాళ్ల మీద ముఖాలు చెక్కుతున్నాను.
వజ్రపు మొన సూదితో చుక్క, పక్కన చుక్క.
తెలియనోళ్లు నలుపు దిద్దుతున్నాననుకుంటారు.
నలుపు రాయిది. అందులోని బంగారు నలుసులూ దానివే.
నేను పెట్టేది వెలుతురు,
నుదుటి మీద కొంచెం, ముక్కు దూలం మీద కొంచెం,
కంటికి ఒకే చుక్క, ఊపిరి బిగబట్టి.
కానీ మరకలోంచి మనిషిని ఎట్టా తీసేది?

మా కొట్లో కుర్రాడు బాజీ ఫోను తీశాడు.
"చెప్పమ్మా, ఎట్టా ఉండేవాడు?"
నేను మొహం తిప్పుకుని సూదికి సాన పట్టుకున్నాను.
ముఖమంటే చూస్తే వచ్చేది గాని
చెబితే వచ్చేదా?

మొదటి ముఖం చూసి ఆమె నవ్వింది:
"ఈయనెవరో మూడు పూటలా నెయ్యి తిన్నోడు."
రెండోది సినిమాలో పోలీసు.
మూడోదానికి పళ్లన్నీ ఉన్నాయి.
"పై పన్ను డ్రిల్లు ఎగిరి ఊడింది గదా" అంది,
బాజీకి ఆ సంగతి తెలిసుండాల్సినట్టు.
బాజీ టైపు చేశాడు. పన్ను పోయింది.
బుగ్గలు లోపలికి పోయాయి.
చెవుల మీద రాతి పొడి పడింది.
"నవ్వితే ఎడమ పక్కే నవ్వుతాడు.
కుడి పక్క అప్పులోళ్ల కోసం దాచుకునేవాడు."
ఈ మాట ఫోనుకి అర్థం కాలేదు.
నాకైంది.

టీలు రెండుసార్లు వచ్చాయి. కరెంటు ఒకసారి పోయింది.
ముప్పై ఏడో ముఖం దగ్గర
సువార్తమ్మ మాట్లాడటం మానేసింది.
కూర్చున్న సిమెంటు బస్తా మీంచి లేచి
చెంగు తల మీదికి లాక్కుంది,
ఎవరో లోపలికి వచ్చినట్టు.

"బొమ్మకెంత?" అంది కాసేపటికి.
రాయికీ చెక్కుడుకీ బేరమాడి
మూడొందలు తగ్గించుకున్న మనిషి.
బాజీ సిగ్గుపడ్డాడు. "దానికేముందమ్మా, ఊరికే వస్తది."
ఆమెకి కోపం వచ్చింది.
"ఊరికే వచ్చినదాన్ని ఆయన సమాధి మీద పెడతానా?"
యాభై నోటు తీసి బల్ల మీద ఉంచి,
ఎగరకుండా నా సుత్తి దాని మీద పెట్టి పోయింది.

రాత్రి మొదలుపెట్టాను.
ఎన్ని లక్షల ముఖాలు నమిలిందో ఆ యంత్రం,
అందులో నా చేతివి ఎన్నో.
దర్శి టీచరమ్మ, కనిగిరి పాస్టరు గారు,
పొదిలి రోడ్డు మీద పోయిన అన్నదమ్ములు,
వాళ్ల ముక్కుల మీద నేను పెట్టిన వెలుతురే
తిరిగి తిరిగి ఈ ముక్కు మీదికి వచ్చిందేమో.
తిట్టుకున్నాను.
తిట్టుకుంటుండగానే ఎడమ పెదవి చివర
సూది తనంతట తాను నెమ్మదించింది.
కుడి పక్క ఫోనులో కొంచెం వెలుగుంది.
నేను నల్లగానే వదిలేశాను.
అది అప్పులోళ్లది.

రాయి నిలబెట్టిన రోజు వెళ్లాను.
మనవడు అడిగాడు, "తాత ఇట్టాగే ఉండేవాడా?"
"ఇక ఇట్టాగే" అంది సువార్తమ్మ,
అరచేత్తో దుమ్ము తుడుస్తూ.

రేపు జనం ఇట్టాంటి బొమ్మలకి విలువ కడతారా అని
బాజీ అప్పుడప్పుడూ అడుగుతాడు,
నన్ను ఏడిపించటానికే.
నేను సొరుగు లాగి చూపిస్తాను.
యాభై నోటు ఇంకా అక్కడే ఉంది.
నాది కాదంటాను. వాడు తనదీ కాదంటాడు.
ఫోనుకేమో చెయ్యి లేదు.
టీకి చిల్లర దొరకని రోజున కూడా
ఇద్దరం దాన్ని ముట్టుకోలేదు.