పడవ వెనక కొస

పడవ వెనక కొసన కూర్చునే మనిషికి
పిట్టలు కనపడవు.
నా చూపంతా నీళ్ల మీదే.
కినాబతంగాన్ వానల్లో చిక్కటి కాఫీ,
అడుగున ఏ దుంగ ఎప్పుడు ఒళ్లు విరుచుకుంటుందో తెలీదు.

ముందున్నవాళ్లు దుర్భిణీలెత్తి
తలో భాషలో "అదిగో" అంటారు.
వాళ్ల మెడల్ని బట్టే నేను అడవి చదువుకున్నాను:
నిదానంగా తిరిగితే కొంగ,
చటుక్కున తిరిగితే లకుముకి,
అందరూ ఒక్కసారే వెనక్కి వాలితే మొసలి.

ఇవాళ ఆరింటికి
పొగమంచు కొమ్మలకి తడిగుడ్డలా అంటుకునే ఉంది.
గుర్రపుడెక్క తెప్ప మీద
ఓ తెల్ల కొంగ టికెట్ లేకుండా పోయింది.
ముక్కుకోతుల పెద్దాయన
ముక్కు పక్కకి తోసుకుని ఆకు నముల్తూ
మమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు.

గట్టు మీది అడవి మందం ఎంతో
పడవలోంచి తెలీదు.
పది నిమిషాలు నడిస్తే అయిపోతుంది.
ఆ తర్వాత ఆయిల్‌పామ్, వరస వెంట వరస,
కంటి చూపు ఆనేదాకా.

మూడో వంపులో ఇంజన్ ఆపాను.
అక్కడ మా నాన్న కట్టిన చెక్కపెట్టె ఉంది,
చెట్టుకి అరవై అడుగుల ఎత్తున.
తొర్రలున్న మానులన్నీ ఈ నీళ్ల మీదే
కిందికి తేలిపోయాయి. వాటిలో చాలావాటిని కోసింది
ఊళ్లో అందరూ రంపం ఇద్రుస్ అనే ఆయనే.
రంపం వదిలి ఇరవై ఏళ్లు,
చేతుల్లో ఆ వణుకు వదల్లేదు.
ఇంట్లో ఆయన గ్లాసు సగమే నింపుతాం.

ఏడేళ్లు ఆ పెట్టెలో
తేనెటీగలున్నాయి, ఉడుత ఉంది,
ఓసారి ఉడుం.

ఎవరో తడి చాప దులుపుతున్న చప్పుడు.
హార్న్‌బిల్ మగపక్షి వచ్చి వాలింది.
గొంతులోంచి ఒక్కో మేడిపండే పైకి తెచ్చి
పెట్టె సందులో అందిస్తోంది.
లోపల్నించి ముక్కు కొస.
తీసుకుంది. మళ్లీ.

మొదటిసారి నేను నీళ్లొదిలేసి పైకి చూశాను.
ఏడు, ఎనిమిది, తొమ్మిది.
పడవ తన దారిన తను కొట్టుకుపోతోంది.
పదకొండో పండు దగ్గర
ధబ్బుమని దుంగ తగిలింది.
ఎవరి ఒళ్లోనో టీ ఒలికింది.
సారీ చెప్పాను గానీ
గొంతులో నవ్వు దాగలేదు.

సాయంత్రం నాన్నకి చెప్పాలి.
రంపం చెవులు కూడా తినేసింది కదా,
వేళ్లతో చూపించాను: పది, ఆ పైన ఒకటి.
"ఆడది మట్టితో తలుపు పూడ్చుకుందా?"
తలూపాను. చిటికెన వేలడ్డం పెట్టి
సందెంతో చూపించాను.

చాలాసేపు ఏమీ అనలేదు.
రేవులోకి దిగి పడవ పగులు తడిమాడు.
"దీనికి జిగురు చాలదు," అన్నాడు,
"చెక్క కావాలి."

ఏ చెక్క అని నేను అడగలేదు.