ఇనాతి

పడవ దిగడానికి ఇక్కడ రేవు లేదు.
అల లేచే క్షణం చూసి దూకాలి,
తప్పితే పగడపు దిబ్బ మోకాలిచిప్ప అడుగుతుంది.

టోకెలావ్ పిల్లలు తమ దీవిని ఒక్క గీతలో గీస్తారు:
విరిగిన గాజులాంటి వంకర,
లోపలంతా నీళ్లు.
కొండ గీయమంటే లెపెకా కొబ్బరిచెట్టు గీసింది.
మార్కులు తగ్గించడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇవాళ వేట బాగా పడింది.
ఒడ్డు కంకరమీద చేపలు కుప్పలు కుప్పలు.
ఒక్కో ఇంటినీ కేకేస్తాడు ఫాలానికో.
వేటకు పోనివాడికీ అంతే,
నిన్న పుట్టిన బిడ్డకీ అంతే.
ఇనాతి అంటారు దీన్ని. తక్కెడ లేదు, లెక్క తప్పదు.

ఒక్కసారి తప్పిందట.
వాళ్ల ముత్తవ్వకు ఆవిడ అవ్వ చెప్పిందట:
పెరూ ఓడలు వచ్చిన ఏడు
పని ఇస్తామని మనుషుల్ని నింపుకుపోయారు.
ఆ సాయంత్రం దిబ్బమీద ఏరిన గుల్లలే
ఎప్పటిలాగే కుప్పలు పోసి
పేర్లన్నీ పిలిచారు.
పలకనివాళ్ల వాటామీద
ఈగలు వాలాయి గానీ చెయ్యి పడలేదు.

తర్వాతెప్పుడో క్యాలెండర్ మార్చారు;
గురువారం పడుకుని శనివారం లేచింది ఊరు.
"మరి ఆ శుక్రవారం చేపలు?"
ఫాలానికో ఇప్పటికీ గొణుగుతుంటాడు.

నేను సూవా నుంచి వచ్చి మూడు నెలలు.
చివరి కుప్ప దగ్గర
నా పేరు గుర్తురాక తల గోక్కుని
"బడీ!" అని అరిచాడు.

వెళ్లి తెచ్చుకున్నాను.
ఒకటి పెద్దది. ఒకటి చిన్నది,
ఇంకా తోక కొట్టుకుంటోంది.