చుక్క ముందున్న ఫైలు

త్బిలిసిలో, చెక్క వసారాలు
ఒకదాని మీదొకటి వాలిన పాత లోగిలి.
మూడో అంతస్తు. రాత్రి రెండుంపావు.
రొట్టెల దుకాణానికి వెబ్‌సైటు కడుతోంది ఎలిసో.

పేరుకు ముందు ఒక చుక్క పెడితే
ఫైలు జాబితాలో కనబడదు.
పసిదాని చెంపకు పెట్టే దిష్టిచుక్క లాంటిదే.
లోపల డేటాబేసు పాస్‌వర్డు,
డబ్బు తీసుకునే గేట్‌వే తాళంచెవి:
నలభై అక్షరాలు,
ఏ భాషలోనూ అర్థం లేనివి.

దిష్టిచుక్క కళ్లకే అడ్డు, చేతులకు కాదు.
"అన్నీ కలుపు" అంది నిద్రమత్తులో.
గిట్ అన్నీ కలిపింది.
చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లతో ఇదే చిక్కు.

పదకొండు నిమిషాలు.
ఎవరో, అసలు మనుషులో కారో,
ఆ చెవితో తలుపు తీసి చూశారు.

ఆ వరుస చెరిపి మళ్లీ పంపింది ఎలిసో.
చెరిపిన సంగతి కూడా రాసుకుంది చరిత్ర.
కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు.
నోరే నయం,
విన్నవాడు ఎప్పటికైనా మరిచిపోతాడు.

కింది వాటాలో నాతెలాకు డెబ్బై తొమ్మిదేళ్లు.
ఇంటి తాళంచెవి జెరేనియం కుండీ కింద.
లోగిలికంతా తెలుసు. పిల్లికీ తెలుసు.
ముప్పై ఏళ్లుగా గరిటె కూడా పోలేదు.
అది కుండీ గొప్ప కాదు,
ఎదురు వసారాలో ఎప్పుడూ ఎవరో ఒకరు
బట్టలారేస్తూ ఉంటారు.
ఇంటర్నెట్టుకు ఎదురు వసారా లేదు.

తెల్లారేలోగా పాత చెవిని రద్దు చేసి కొత్తది తీసుకుంది.
గిట్ వదిలెయ్యాల్సిన పేర్లలో
మొదటి వరుసన చుక్క పేరు రాసింది,
దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగిన కుక్కలాగా.

పదింటికి రెజీ వచ్చాడు, పనిలో చేరి రెండో రోజు.
"నా మెషీన్లో నడవట్లేదు."
నమూనా ఫైలు చేతికిచ్చింది.
పేర్లున్నాయి, పక్కన సమానం గుర్తులున్నాయి,
ఆ తర్వాత ఖాళీ.
మెట్ల కింద ఉత్తరాల పెట్టెల వరసలా.
"మరి విలువలు?"
"చాట్‌లో పంపను. కుర్చీ లాక్కో."
నిజం డబ్బును ముట్టని పరీక్ష చెవి ఒకటి
వాడి పేరు మీద తీయించింది.
వాడు కాగితం మీద రాసుకోబోతే
పెన్ను లాక్కుంది.

మధ్యాహ్నం రొట్టెకని దిగుతుంటే
కుండీ కాస్త పక్కకు జరిగి ఉంది.
కింద ఇత్తడి మెరుపు.
అటూ ఇటూ చూసి
కాలితో కుండీని
మళ్లీ దాని మీదికి నెట్టింది.