బద్ధకపు మంట

టొకొపియాలో తెల్లవారుజాము మూడు గంటలు.
సముద్రం మీంచి లేచిన మంచు
బొగ్గు కుప్పల మీద తడిగుడ్డలా పడుకుంది.
నాలుగో బాయిలర్ పక్కన, ఇనప మెట్ల మీద,
యస్నా చోకె
నీలిగాజు ముక్క కంటికి అడ్డం పెట్టుకుని
చూపురంధ్రం మూత తీసింది.

లోపల మంట
అంత తెల్లగా ఉండకూడదు.

పని నేర్పిన నిబాల్దో అనేవాడు:
"తెల్లగా, బిగువుగా, చప్పుడు చేస్తూ మండాలి పిల్లా.
పసుపుగా ఊగేది బద్ధకస్తుడి మంట."
పదేళ్ళు ఆ మాటే నమ్మింది.
మసి లేని మంట ముందు
మెరుగు తేలిన బంగారం చూసుకునే కంసాలిలా నిలబడింది.
ఆ తర్వాత పొగగొట్టానికి ఒక ముక్కు తగిలించారు.
అది వాసన చూసి అంకెలు చెబుతుంది.
మంట అందంగా ఉన్న రాత్రుల్లోనే
అంకె పైకి పోతోంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ
నిప్పులో పడ్డ గాలి ఏమవుతుందో ఎవరూ అనలేదు.
గాలిలో ముప్పాతిక వంతు పైగా నత్రజని.
రెండేసి పరమాణువులు, మధ్య మూడు ముళ్ళు.
మన ఊపిరితిత్తుల దాకా వచ్చి
మంచినీళ్ళైనా ముట్టకుండా
వచ్చిన దారినే వెళ్ళిపోయే చుట్టాలు.
కొలిమిలోంచీ అలాగే దాటిపోయేవి
వేడి పదిహేను వందల డిగ్రీలు మించకపోతే.

మించితే,
ప్రాణవాయువు జంట ముందు విడిపోతుంది.
పేరుకే ప్రాణం. ఒంటరిదైతే దానికి ఆకలి.
మూడు ముళ్ళ మీద పడి ఒకదాన్ని లాక్కుంటుంది.
మిగిలిన నత్రజని, ఇప్పుడు తానే ఒంటరిది,
ఇంకో ప్రాణవాయువు జంటను పగలగొట్టి
సగం తను పట్టుకుని సగం వదిలేస్తుంది.
ఆ వదిలిన సగం
మళ్ళీ ముళ్ళు వెతుక్కుంటూ పోతుంది.
ఒక కాపురం కూలితే, వరసగా వాడంతా.

బొగ్గులోనూ ఉంది కొంత,
ఏనాటి ఆకుల్లోనో ఇంకిన నత్రజని.
దానికి అంత వేడి కూడా అక్కర్లేదు.
ఇల్లు కాలుతుంటే కట్టుబట్టలతో బయటికి దూకుతుంది,
ముందు చేయి అందించినవాళ్ళది అవుతుంది.
గాలి అందిస్తే విషం.
గాలి కరువైన చోట తన తోటిది ఎదురైతే
మళ్ళీ మూడు ముళ్ళు.

యస్నా తాత ఎలూతేరియో
వెనకాల ఎడారిలో నేలకు మందు పెట్టి పేల్చి
సురేకారం తవ్వాడు.
ఇదే నత్రజని, ఇదే ప్రాణవాయువు, మూటలకెత్తినవి.
ఓడలెక్కి ఎక్కడో గోధుమలయ్యాయి, ఎక్కడో తూటాలయ్యాయి.
ఆయన కూలి మాత్రం
కంపెనీ కొట్లో తప్ప చెల్లని బిళ్ళలు.
ఉండి ఉంటే ఈ గొట్టం చూసి అడిగేవాడు:
"గాలిలోంచి ఊరికే పుడుతుంటే
నా నడుం ఎందుకు విరగ్గొట్టారు?"

"అడుగు వరసకి గాలి తగ్గించు, ఓస్వాల్దో,"
అంది యస్నా రేడియోలో.
"ఇంకొంచెం. పై రంధ్రాలు తెరువు."

ఊపిరి చాలని మంట
అంచులు మెత్తబడి, పొడుగు సాగి,
నారింజ రంగులో నిదానంగా ఊగింది.
అంకె దిగింది.
పక్క అంకె, కార్బన్ మోనాక్సైడ్, తల ఎత్తింది.
ఒకటి నొక్కితే ఇంకొకటి.
ఆ రెంటి మధ్య, జారే గట్టు మీద,
షిఫ్టు దిగేదాకా నడిచింది.

గొట్టం దాటేటప్పుడు దానికి రంగు లేదు.
కొండ ఎక్కేలోపు
మరో ప్రాణవాయువును కలుపుకుని బయటపడుతుంది,
మంచు చీలిన చోట, పలచని గోధుమ రంగు చార.
ఉప్పుగాలిలో దుప్పట్లు ఆరేసే ఒతీలియా
రోజూ దాన్నే చూసి, బస్సు దిగిన యస్నాను అడుగుతుంది.
ఇవాళ చార సన్నగా ఉంది.

"రాత్రి ఎలా మండిందే?"

"బద్ధకంగా," అంది యస్నా
గడప మీద కూర్చుని
బూట్లలోంచి బూడిద దులుపుకుంటూ.