ముప్పై రెండో పొలుసు

సిరొంచ బస్టాండు ఎదురుగా
ఆత్రం సోము జెరాక్సు దుకాణంలో
ప్రమోషను ఫారం నింపుతున్నాను.
కరెంటు రెండుసార్లు పోయింది.
ఫారం మరాఠీలో, నా తిట్లు తెలుగులో,
గడులు మాత్రం అంకెలే అడుగుతున్నాయి.

అచ్చయిన పత్రాలు నలభై మూడు.
వాటిని ఉదహరించినవి పదకొండు వందల ఆరు.
హెచ్-ఇండెక్సు పదహారు.
"ఇది బీపీ లెక్కనా మేడమ్?" అన్నాడు సోము.
అలాంటిదేరా,
పెరిగితేనే ఎవరైనా పట్టించుకుంటారు.

మొదటి పత్రం ఒక చేప మీద.
రోడ్డుకు కంకర కొడుతున్న దుర్గం పోశక్క
సమ్మెట ఆపి పిలిచింది:
"ఓ పిల్లా, రాయిల శాప పండుకున్నది సూడు."
సున్నపురాయి పలకలో
కోట్ల ఏళ్ళుగా ఒకే పక్కకు ఒరిగి
తోక దగ్గర కొంచెం నలిగి.
నడుము వెంట పొలుసులు లెక్కపెట్టాను.
ముప్పై రెండు.
రాశాను, అచ్చయింది.

ఆ ముప్పై రెండు ఎక్కడెక్కడ తిరిగిందో!
చేపల వంశవృక్షం గీసేవాళ్ళు తీసుకున్నారు.
ఖండాలు జరిగిన దారి వెతికేవాళ్ళు తీసుకున్నారు.
సిమెంటు కంపెనీ రసాయనవేత్త ఒకాయన
చేపను వదిలేసి పలకను తీసుకున్నాడు.
గుండె డాక్టర్లు కూడా ఎందుకో ఉదహరించారు.
నా ఇంటిపేరువాడు ఇంకొకడు ఎక్కడో ఉన్నట్టున్నాడు,
కంప్యూటరు అదీ నా ఖాతాలోనే వేసింది.
నేను నోరు మెదపలేదు.

ఒకసారి ఎవరో నా పేరులో ఒక అక్షరం మింగేశారు.
ఆ మింగిన పేరుతోనే
తర్వాత తొమ్మిదిమంది నన్ను పిలిచారు.
చూడుము, చూడుము అని రాసినవాళ్ళలో
చూసినవాళ్ళు ఎందరో అప్పుడు తెలిసింది.

ఒక్కడు చూశాడు.
పోలండువాడు, పేరు పలకడం నాకు నేటికీ రాదు.
నాగపూరు వచ్చి
రెండు పగళ్ళు నా చేప ముందు కూర్చుని రాశాడు:
"ముప్పై ఒకటే. రచయిత్రి పగులును పొలుసు అనుకున్నారు."
పదకొండు వందల ఆరులో అదీ ఒకటి.
తిట్టుకీ పొగడ్తకీ
కంప్యూటరు దగ్గర ఒకటే తూకం.

వారం రోజులు అన్నం సయించలేదు.
మా నాయిన ప్రాణహితలో పడవ నడిపినవాడు.
ఎక్కేటప్పుడు తలలు, దిగేటప్పుడు తలలు.
ఒక మునిమాపు అవతలి ఒడ్డున ఒక తల ఎక్కువొచ్చింది,
తల్లి కొంగులో నిద్రపోతున్న పసిగుడ్డు.
"ఎక్కువొస్తే మంచిదే గదనే" అని అందరూ నవ్వారు.
నాయిన ఆ రాత్రి పడుకోలేదు.
"ఎక్కిచ్చుకున్న లెక్క తప్పు గదా బిడ్డా."

నాగపూరు పోయాను. భూతద్దం కింద
ముప్పై ఒకటి.
చివరిది పగులే. సూటిగా, పైనుంచి కిందికి.
పోశక్క సమ్మెట దెబ్బ.

అంటే ఇన్నేళ్ళూ,
ఇన్ని దేశాల్లో, ఇన్ని శాస్త్రాల్లో
ఉదహరించింది పోశక్క దెబ్బను.

సవరణ రాశాను. ఒక్క పేజీ.
పోశక్క పేరు ఇంటిపేరుతో సహా.
దాన్ని ఉదహరించినవి: సున్నా.
ముప్పై రెండు ఇంకా తిరుగుతూనే ఉంది.

"సవరణకు మార్కులు రావు మేడమ్, రూల్స్‌లో ఉంది."
అయినా వెయ్యరా.
నలభై మూడు కొట్టేసి నలభై నాలుగు చెయ్యి.
ఆ గుండె డాక్టర్లవి తీసెయ్యి.
"ఎన్ని?"
ఆగు, లెక్కపెట్టాలి

అంటుండగానే కరెంటు పోయింది, మూడోసారి.